మూడో కుప్ప

ట్రాక్ గీసిన ఇంజనీర్లు ఒక్కో మలుపుకీ ఒక్కో ఎత్తుకీ ఏవేవో పేర్లు పెట్టుకున్నారు గానీ, నెల రోజులుగా మట్టి మోస్తున్న ఆడవాళ్లకు అవన్నీ కుప్పలే. గేటు వైపు నుంచి లెక్కబెడితే మొదటి కుప్ప, రెండో కుప్ప, అలా పదకొండు. బండ్లు ఒకవైపు నుంచి ఎక్కి గాల్లోకి లేస్తాయి, రెండోవైపు దిగుతాయి. ఆ రెండోవైపుకి వాళ్లు పెట్టుకున్న పేరు దిగుడు. ముత్తంగి చౌరస్తాకి ఇవతల, గోదాముల వెనక, ఎనిమిదెకరాల పడావు భూమిలో ఆదివారం నాడు మోటోక్రాస్ పందెం. దేశంలో పేరు మోసిన రైడర్లంతా వస్తున్నారు. వాళ్లందరిలోకీ పేరున్నవాడి బొమ్మ గేటు మీద తాటిచెట్టంత ఎత్తున కట్టారు. నెత్తిన హెల్మెట్, కళ్లకు పెద్ద అద్దాలు, బండి మీద పంతొమ్మిదో నంబరు. ఆ బొమ్మ కిందుగా రోజూ వస్తూ పోతూ ఉన్నా, లోపల మనిషి మొహం ఎలా ఉంటుందో ఆ ఆడవాళ్లలో ఒకతైన నర్సింహమ్మ ఏనాడూ ఆలోచించలేదు. ఆమె చూపంతా కింద మట్టి మీదే.

గురువారం పొద్దున వచ్చేసరికి మూడో కుప్ప దిగుడు నెర్రెలు బారి ఉంది. ఎందుకు బారిందో ఆమెకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. మిగతా కుప్పలకు గరుకు మొరం కలిపారు. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి మొరం టిప్పర్లు రెండు రోజులు రాలేదు, ఉత్త రేగడే పోసి రోలర్ తిప్పేశారు. రేగడి ఎండితే ఊరుకుంటుందా. చెయ్యి పట్టేంత నెర్రెలు, పై నుంచి కింది దాకా.

సూపర్వైజర్ శ్రీధర్ ముందురోజే చెప్పిపోయాడు. "శుక్రవారం ప్రాక్టీసు, శనివారం టీవీ వాళ్లు. కెమెరాల మంచిగ కనవడాలె. ఎక్కడ గలీజ్ ఉండొద్దు." అంతకన్నా ముఖ్యమైన మాట ఇంకొకటి కూడా అన్నాడు. పందెం అయిపోయాక ఈ గ్రౌండు ట్రైనింగ్ కోసం ఇలాగే ఉంటుందట. పదిమందిని నెలజీతం మీద ఉంచుకుంటారట. ఆ పది పేర్లు రాసేది శ్రీధరే. "నీ పేరు మనసుల పెట్టుకున్న నర్సింహమ్మా" అన్నాడు. గడ్డపోతారంలో ఆమె పనిచేసిన మందుల కంపెనీ గేటు మూసిన తర్వాత ఏడాదిన్నర పాటు ఆమెతో ఆ మాట అన్నవాడు లేడు.

నెర్రెలిచ్చిన నేలను చూస్తే ఆమె చేతులు ఊరుకోవు. పక్కనున్న బర్రెల కొట్టం నుంచి రెండు తట్టల పెండ తెచ్చింది. చెరువు మట్టిలో మెత్తటిది జల్లెడ పట్టి తీసింది. గోదాము వెనక పడున్న ఊక పిడికెళ్లతో కలిపింది. అప్పుడే నీళ్ల ట్యాంకర్ వచ్చి కుప్ప కింద ఆగింది. దాన్ని నడిపే రాంచందర్ వాళ్ల ఊరివాడే, భానూర్‌లో రెండిళ్ల అవతల ఉంటాడు. చుట్టరికం లేకపోయినా వరసకు వదినె, మరిది.

"రాంచందర్, రెండు బకెట్ల నీళ్లు విడువు జెర."

"ఏం జేస్తున్నవ్ వదినె?" అంటూనే అతను దిగి నల్లా తిప్పి బకెట్లు నింపాడు. నింపినవి మోసుకొచ్చి ఆమె పక్కన పెట్టాడు కూడా.

"నెర్రెలు పూడుస్త."

అతను తలూపి ట్యాంకర్ ఎక్కి వెళ్లిపోయాడు. ఆమె చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, కంపెనీలో ఇచ్చిన వెలిసిపోయిన నీలం కోటు చేతులు మడిచి, మట్టిని కాళ్లతో తొక్కింది. వేలికి అంటీ అంటనట్టు అయ్యాక మొదలుపెట్టింది. ముందు నెర్రెల్లోకి కూరింది, తర్వాత పైన పూసింది. పై నుంచి కిందికి, వెనక్కి జరుగుతూ, అరచేతిని ఎడమ నుంచి కుడికి సగం సున్నాలా తిప్పుతూ అలికింది. తొక్కిన చోట మళ్లీ తొక్కకుండా, ఒక పూత అంచు మీద ఇంకో పూత అంచు కలిసేలా. మధ్యాహ్నానికి మూడో కుప్ప దిగుడు పండుగ పూట వాకిలిలా నున్నగా తయారైంది.

"ముగ్గు గూడ ఎయ్యరాదే" అంది తట్ట దించుతూ మల్లమ్మ. ఆడవాళ్లంతా నవ్వారు.

శ్రీధర్ వచ్చి చూసి, ఫోను తీసి మూడు ఫొటోలు కొట్టాడు. ఎవరికో పంపించాడు. "సూపర్ అమ్మా. గిట్లుండాలె పని అంటే." నర్సింహమ్మకు ఎంత సంతోషమయిందంటే, పదకొండేళ్లు డ్రమ్ముల్లో పొడి నింపినా ఒక్కడూ ఆ పనికి ఫొటో తీయలేదన్న సంగతి అప్పుడే మొదటిసారి గుర్తొచ్చింది.

శుక్రవారం పది గంటలకు రాంచందర్ రోజూ కొట్టినట్టే ట్రాక్ అంతా సన్నగా నీళ్లు కొట్టాడు. దుమ్ము అణిగేంత, అంతే. పనివాళ్లను తాడు అవతల నిలబెట్టారు. మొదటి రెండు బండ్లు నెమ్మదిగా వచ్చి కుప్పలను ముట్టుకున్నట్టుగా దాటిపోయాయి. మూడోది అలా రాలేదు. దూరం నుంచే గొంతు పెంచుకుంటూ వచ్చి, మూడో కుప్ప మీద నుంచి లేచి, చాలాసేపు గాల్లోనే ఉన్నట్టు అనిపించింది. దాని మీద పంతొమ్మిదో నంబరు నర్సింహమ్మకు స్పష్టంగా కనిపించింది.

దిగుడు మీద వెనక చక్రం ఆనింది. ఆనగానే సబ్బు మీద కాలేసినట్టు పక్కకు పోయింది. బండి ఒకవైపు, మనిషి ఒకవైపు. మనిషి దొర్లుకుంటూ కిందిదాకా వచ్చి ఆగాడు. ఒక క్షణం తర్వాత తనంతట తానే లేచి, కుడి భుజాన్ని ఎడమ చేత్తో పట్టుకుని అంబులెన్స్ వైపు నడిచాడు. చుట్టూ మూగిన జనంలో అతని హెల్మెట్ తప్ప ఆమెకు ఏమీ కనబడలేదు.

శ్రీధర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. పరుగెత్తుకెళ్లి దిగుడు మీద చెయ్యి పెట్టాడు. తడి తగిలింది.

"నీళ్లెవరు కొట్టిండ్రు?"

అందరూ ట్యాంకర్ వైపు చూశారు. రాంచందర్ దిగి వచ్చాడు. "నేనే సార్. రోజు కొట్టినట్టే కొట్టిన."

"రోజు కొట్టినట్టే కొడితే గింత జారుతదా?"

రాంచందర్ వంగి దిగుడును చూశాడు. రెండు వేళ్లతో మట్టి తీసి నలిపాడు. ఏదో అనబోయినట్టే ఉన్నాడు. కానీ అనలేదు, వేళ్లు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"తాళం ఇయ్యి. రేపటి నుంచి రాకు. లిస్టుల పేరు గూడ కొట్టేస్తున్న."

ఆ పది పేర్లలో రాంచందర్ పేరు కూడా ఉందని నర్సింహమ్మకు అప్పుడే తెలిసింది. ఆమె వాళ్లకు నాలుగడుగుల దూరంలో ఉంది. నీళ్లు కాదు సారూ, నేను అలికిన అలుకు జారింది అని నాలుగు మాటలంటే సరిపోయేది. నోరు తెరిస్తే తన పేరు కూడా అదే గీత కింద పోతుంది. ఒకడుగు వెనక్కి వేసింది. రాంచందర్ తాళం ఇచ్చేసి, క్యాబిన్‌లోంచి టిఫిన్ డబ్బా, తువ్వాల తీసుకుని గేటు వైపు వెళ్లిపోయాడు. ఆమె వైపు చూడలేదు. పాపం, అసలు సంగతి అతనికి తెలియనే తెలియదని ఆమె తనకు తాను చెప్పుకుంది.

శనివారం మొదటి ఆటోకే వచ్చేసింది. ఇంకా ఎవరూ రాకముందే ఆ అలుకంతా గీకి పారేయాలని. చేసిన తప్పు కనబడకుండా చేయడానికో, మరో పిల్లాడు పడకుండా చేయడానికో అని ఎవరైనా నిలదీస్తే ఆమె దగ్గర సరైన జవాబు ఉండేది కాదు. రెండూ ఉన్నాయి.

పార భుజాన వేసుకుని వెళ్లేసరికి దిగుడు మీద ఎవరో కూర్చుని ఉన్నాడు. నిక్కరు, రబ్బరు చెప్పులు, మెడలో తువ్వాల. కుడి చెయ్యి గుడ్డలో కట్టి ఉంది. చుట్టూ రేకుల గోడ కట్టే బిహారీ పనివాళ్లలో ఒకడనుకుంది. ఇలాంటి చోట చెయ్యి విరగ్గొట్టుకోవడం పెద్ద వింతేమీ కాదు.

"భయ్యా, ఇదర్ నక్కో బైఠో. సార్ ఆకే గాలీ దేతే" అంది, ఇక్కడ కూర్చోవద్దు సారు తిడతాడని, కంపెనీలో నేర్చుకున్న హిందీలో.

అతను లేవలేదు. పైపొర ఒక పెచ్చు ఊడదీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. నవ్వాడు. "గోబర్" అన్నాడు. తర్వాత ఆ పెచ్చును ఆమెకు చూపిస్తూ హిందీలోనే చెప్పాడు. సతారా పక్కన వాళ్ల ఊరట. వాళ్ల నాయనమ్మ ఇల్లు ఇలాగే అలికేదట. తడిసిన అలుకు మీద పరుగెత్తి, చిన్నప్పుడు పన్ను విరగ్గొట్టుకున్నాడట. పై పెదవి ఎత్తి సగం పన్ను చూపించాడు కూడా. "దీన్ని ఎవరు అలికారు?" అని అడిగాడు.

కూలి మనిషే కదా అనుకుందో, నిన్నటి నుంచి లోపల తొక్కిపెట్టింది ఇక ఆగలేదో, నర్సింహమ్మ పార కింద పెట్టి చెప్పేసింది. "మైనే కరీ." నెర్రెలు చూసి ఊరుకోలేక అలికానని, మంచిగా కనబడాలని అలికానని. ఎవరో పెద్ద బండి పిల్లాడు దానిమీద పడ్డాడని. నీళ్లు కొట్టిన మనిషి మీద వేసి పని తీసేశారని. అతనికి కాలేజీ చదివే బిడ్డ ఉందని.

పెద్ద బండి పిల్లాడు అన్నప్పుడు అతని మొహంలో నవ్వు కదిలింది. నీళ్లాయన పని పోయింది అనేసరికి అది పోయింది. "ఆయన్ని తీసేశారా?" అని రెండుసార్లు అడిగాడు.

తర్వాత ఇద్దరూ పని మొదలుపెట్టారు. అతను ఆమె చేతిలోంచి పార తీసుకుని ఎడమ చేత్తో గీకబోయాడు. పార జారి చెప్పు మీద పడింది. "ఛోడో, ఇప్పుడొక చెయ్యే పోయింది, కాలు గూడ పోగొట్టుకుంటవా" అని కసిరి ఆమే పుచ్చుకుంది. పైపొర మొత్తం లేపేసింది. కింద జానెడు లోతు తవ్వి వదులు చేసింది. పక్క కుప్ప దగ్గర మిగిలిన మొరం పన్నెండు తట్టలు మోసుకొచ్చి కలిపింది. అతను కాలితో మట్టిని సర్దుతూ, డ్రమ్ములోంచి చెంబుతో నీళ్లు తెచ్చి చల్లాడు. కొంతసేపు ఆగారు. ఆమె పిడికెడు మట్టి తీయడానికి వంగేసరికి అతను అప్పటికే తీశాడు. ఎడమ పిడికిట్లో గట్టిగా నొక్కి, నడుమెత్తు నుంచి వదిలాడు. ముద్ద నేల మీద పడి మూడు ముక్కలయింది. దుక్కికి దిగేముందు ఆమె మామ అచ్చం ఇలాగే చేసేవాడు. ముద్ద విచ్చకపోతే తడి ఎక్కువ, పొడి అయిపోతే తక్కువ. మూడు ముక్కలైతే పదును.

"బస్" అన్నారిద్దరూ ఒక్కసారే.

అప్పుడే శ్రీధర్ ఆయాసపడుతూ వచ్చాడు. వెనక ఇంకో ఇద్దరు. "తేజస్ సర్, గుడ్ మార్నింగ్ సర్. మీరు హోటల్ల రెస్టు తీసుకుంటరనుకుంటే ఇక్కడ..." తర్వాతి మాటలు నర్సింహమ్మకు వినబడలేదు. గేటు వైపు చూసింది. తాటిచెట్టంత బొమ్మ. ఆ హెల్మెట్ లోపల ఉన్నది ఈ సగం పన్ను మనిషి. తేజస్ జగ్దాళే.

"సర్, యాక్షన్ తీసుకున్నం సర్. ట్యాంకర్ డ్రైవర్‌ను వెంటనే తీసేసినం" అంటున్నాడు శ్రీధర్.

నీళ్లు సరిగ్గానే ఉన్నాయని, అతన్ని పిలిపించమని తేజస్ అన్నాడు.

"మరి ఎందుకు జారింది సర్?"

తేజస్ నోరు తెరిచి, ఆగి, నర్సింహమ్మ వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నువ్వే చెప్పు అన్నట్టు ఉంది. ఆమె మొరం అంటిన తన చేతుల వైపు చూసుకుంది. "నేను పడ్డాను, అంతే" అని తేజస్ చెంబు ఆమె పక్కన పెట్టేసి, చెప్పులు దులుపుకుని వెళ్లిపోయాడు. సిగ్గుతో ఆమె మెడ దాకా వేడెక్కింది.

అతను కనుమరుగయ్యాక శ్రీధర్ తన వెంట వచ్చినవాళ్లతో అన్నాడు. "పెద్దమనసుతోటి అంటుండు గనీ, రిపోర్టు పైకి పోయింది. ఎవరిదో ఒకరి పేరు ఉండాలె కద అండ్ల."

ఆ మధ్యాహ్నం తిండి గంటలో పర్మిషన్ అడిగి, నర్సింహమ్మ భానూర్ వెళ్లింది. రాంచందర్ ఇంటి ముందు బోరు మోటారు విప్పి కూర్చున్నాడు. అతని బిడ్డ తనుశ్రీ గడప మీద ఫోను పట్టుకుని ఉంది. డిగ్రీ రెండో ఏడు. ఆ ఫోను తెర మీద కూడా అదే హెల్మెట్, అదే పంతొమ్మిది.

"రా వదినె, కూసో. తనూ, పెద్దమ్మకు నీళ్లియ్యి."

తనుశ్రీ కదలలేదు. ఫోను నర్సింహమ్మ వైపు తిప్పింది. బండి లేవడం, జారడం, మనిషి దొర్లడం. మళ్లీ మళ్లీ అదే. "ఎన్ని లక్షల మంది చూసిండ్రో చూడు పెద్దమ్మా. కింద అందరు నీళ్లు కొట్టినోన్ని తిడుతుండ్రు. వాడు మా నాయిననే అని నేను ఎవ్వరికి చెప్పుకోవాలె?" అంది. నిన్నటి నుంచి తండ్రితో మాట్లాడటం లేదని ఆ గొంతే చెబుతోంది. రాంచందర్ మోటారులోకి తల దూర్చి నట్టు తిప్పుతున్నాడు.

నర్సింహమ్మ కూర్చోలేదు. "నీ నాయిన తప్పు గాదు బిడ్డా. దిగుడు అలికింది నేను. పెండ పెట్టి నున్నగ అలికిన. గందుకే జారింది."

తనుశ్రీ ఫోను దించింది. రాంచందర్ తల ఎత్తలేదు.

"ఎరికే వదినె" అన్నాడు.

"ఏం ఎరిక?"

"రెండు బకెట్ల నీళ్లు నింపిచ్చింది నేనే కద. నిన్న మట్టి నలిపితే పెండ వాసనచ్చింది."

"మరి గా సారుకెందుకు చెప్పలే?"

అతను పానా పక్కన పెట్టి, గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. "నాకు లైసెన్సుంది. ఇయ్యాల గాకుంటే రేపు ఏదో బండి దొరుకుతది. నీకు ఎవడిస్తడు పని? అయినా నేను చెప్తే నిన్ను పట్టిచ్చినట్టయితది. నువ్వు చెప్తే వేరు."

నర్సింహమ్మ అప్పుడు కూర్చుంది. తనకు తెలియదనుకున్న మనిషి అంతా తెలిసి, నిన్నటి నుంచి కన్నబిడ్డ మొహం తిప్పుకుంటున్నా నోరెత్తలేదు. తను మాత్రం సతారా నుంచి వచ్చినవాడికి చెప్పి, చెప్పేశానని తేలికపడింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తనుశ్రీ లోపలికి వెళ్లి చాయ్ తెచ్చింది. మొదటి గ్లాసు తండ్రి పక్కన, చేతికి అందేలా పెట్టింది. రెండోది నర్సింహమ్మకు ఇచ్చింది గానీ, ఆమె కళ్లలోకి చూడలేదు.

ఆదివారం ఏడింటికే నర్సింహమ్మ రేకుల ఆఫీసులో శ్రీధర్ టేబుల్ ముందు నిలబడింది. ఉన్నదున్నట్టు చెప్పింది. శ్రీధర్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"గిది ఇప్పుడా చెప్పేది? ఫొటోలు తీసి నేనే పంపిన కదమ్మా."

"నువ్వు తీసినవ్ సారూ, నీకేం ఎరుక. అలికిన చెయ్యి నాది."

అతను టేబుల్ మీద ఫోను బోర్లా పెట్టాడు. ఆ ఫొటోల గురించి ఆలోచిస్తున్నాడని ఆమెకు అర్థమైంది. "రిపోర్టుల పేరు మార్చాలంటే నీ పేరు రాయాలె. తెలుస్తుందా?"

"రాయి."

"పూర్తి పేరు చెప్పు."

చెప్పింది. ఇంటిపేరుతో సహా రాశాడు. నెల రోజుల్లో అక్కడ ఆమె పేరు పూర్తిగా కాగితం మీదికి ఎక్కడం అదే మొదటిసారి. తర్వాత సొరుగులోంచి పది పేర్ల కాగితం తీసి, అదే పెన్నుతో ఒక గీత గీశాడు. "పాస్ ఇయ్యమ్మా. ఏమనుకోకు" అన్నాడు మెల్లగా. ఆమె మెడలోంచి తాడు తీసి టేబుల్ మీద పెట్టింది. ఆమె గుమ్మం దాటేలోపే అతను ఫోన్‌లో రాంచందర్‌ను జల్దీ రమ్మంటున్నాడు.

గంట తర్వాత ట్యాంకర్ గేటులోకి వస్తుంటే నర్సింహమ్మ బయట నిలబడి ఉంది. రాంచందర్ ఆపాడు. ఏదో అనబోతే ఆమే ముందు అందుకుంది. "మూడో కుప్పకు తక్కువ కొట్టు. నిన్న మొరం కలిపినం, పదును మంచిగ పట్టింది."

"సరే వదినె" అని అతను లోపలికి పోనిచ్చాడు.

పందెం పదకొండింటికి. టికెట్టు లేని జనం గోదాముల అరుగుల మీద, లారీల మీద ఎక్కి కూర్చున్నారు. తనుశ్రీ వచ్చి నర్సింహమ్మ పక్కన రేకుల గోడకు ఆనుకుని నిలబడింది. ఇవతల నుంచి చూస్తే బండ్లు లేచినప్పుడు మాత్రమే గోడ మీదుగా కనబడతాయి, అదీ మూడో కుప్ప దగ్గర. దిగడం కనబడదు.

"పెద్దమ్మా, నిజంగ తేజస్‌తోటి మాట్లాడినవా?"

"మాట్లాడిన."

"ఎట్లుంటడు?"

"ఎడమ చెయ్యితోని పార పట్టరాదు. మట్టి మాత్రం ఎరికే."

తనుశ్రీకి నవ్వొచ్చింది. ఫొటో ఉందా అని అడిగింది. లేదంది. లోపల ఇంజన్లన్నీ ఒక్కసారిగా లేచాయి. జనం కేకలు పెట్టారు. తనుశ్రీ ఫోను పైకెత్తి ఆకాశంలోకి పట్టింది. గోడ మీదుగా మొదటి బండి లేచింది. అందరూ దాన్ని చూస్తుంటే నర్సింహమ్మ కళ్లు మూసుకుంది. అవతల చక్రాలు ఆనిన చప్పుడు, ఆ వెంటనే ఇంజను మళ్లీ గొంతు పెంచిన చప్పుడు. పోయింది. రెండోది. మూడోది. ఒక్కో చప్పుడుకీ ఆమె వేలు ఒక కణుపు దాటుతోంది.

మొదటి చుట్టులో ఇరవై రెండు బండ్లు లేచాయి. ఇరవై రెండూ దిగాయి. ఆఖరిదాని చప్పుడు మలుపు తిరిగాక ఆమె కళ్లు తెరిచి, కోటు చేతులు దించుకుని, భానూర్ ఆటో కోసం చౌరస్తా వైపు నడిచింది.